గుళ్ళపెట్టె

బొగ్గుబాయి ఊళ్ళలో పెరిగినవాళ్ళకు ఒక మర్యాద ఎవరూ నేర్పకుండానే అబ్బుతుంది. పట్టపగలు కూడా గొంతు తగ్గించి మాట్లాడటం. పక్కింట్లోనో ఎదురింట్లోనో ఎవరో ఒకరు రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టుకొని నిద్రపోతూ ఉంటారు మరి. గోదావరిఖనిలో పసిపిల్లలకు సైతం తెలిసిన ఈ మర్యాదను నలభై ఏడేళ్ళ వయసులో నేను మరిచాను. ఆ మరుపు నేర్పిన పాఠమే ఈ టపా. తుపాకులంటే ఆసక్తి లేని మిత్రులు కూడా చివరిదాకా చదవమని మనవి. ఇందులో తుపాకీ కన్నా దుమ్మే ఎక్కువ.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచిన నాటి నుంచి దాని ధ్యాసంతా షూటింగు మీదే. ఈషా 2018లో పదమూడేళ్ళకే ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయిందని మాకు రోజూ గుర్తుచేసేది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ పెరిగింది కూడా హైదరాబాదులోనే అని నేను ఒకసారి నోరు జారాను. ఇక తప్పలేదు. వేసవి సెలవుల్లో కొంత శిక్షణ ఇప్పించాక, ఇంటి సాధన కోసం 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ ఒకటి కొన్నాను. 20 జౌళ్ళ శక్తి మించని ఈ రకానికి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. బాపు రిటైరయ్యాక కట్టించిన ఇంటికి పక్కన సన్నని సందు ఉంది. కొలిస్తే పదకొండు మీటర్లు, చివర ఇటుక ప్రహరీ. పోటీ దూరం పది మీటర్లే కనుక దేవుడే కొలిచి ఇచ్చాడనుకున్నాం.

తుపాకీ గురించి అంత ఆలోచించిన నేను, పేలిన గుండు ఎక్కడికి పోతుందన్నది ఆలోచించలేదు. గుండును ఆపే సాధనాన్ని పెల్లెట్ ట్రాప్ అంటారు. మా ఇంట్లో దాని పేరు గుళ్ళపెట్టె. తెలిసిన వెల్డరు చేత ఒక ఇనుపరేకును పెట్టెలో ఏటవాలుగా అతికించి తెచ్చాను. గుండు రేకుకు తగిలి కిందికి జారుతుంది, ఖర్చు తక్కువ, పని సులువు. మూడో రోజు మధ్యాహ్నం పక్కింటి తమ్ముడు గేటు దగ్గర నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, రాత్రంత బాయిల ఉండి వచ్చిన. కన్నంటుకునే యాళ్ళకు టంగుమంటది."

నేను చెప్పిన జవాబు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగుకు కిటికీలే అదురుతయి గద తమ్మీ, గండ్ల ఇదెంత?" అన్నాను.

"గది ఒక్కసారి దుమ్ము లేపి ఊకుంటది. నీది అరవైసార్లు. ఇంకోటి ఎప్పుడొస్తదో అని సూసుకుంట పండాలె," అన్నాడు. కోపం లేదు ఆ మాటల్లో. అలసట మాత్రమే ఉంది.

సాధనను సాయంత్రానికి మార్చి, సమస్య తీరిందనుకున్నాను. అసలు సమస్య పక్షం రోజుల తర్వాత బయటపడింది. సెలవులకు వచ్చిన మా చెల్లెలి కొడుకు, రెండేళ్ళవాడు, సందులో కూర్చొని ఆడుకుంటున్నాడు. ఎత్తుకుంటే వాడి వేళ్ళకు, పెదవి అంచుకు బూడిద రంగు మెరుపు. వాడి పిడికిట్లో బిళ్ళలా అణిగిన సీసపు ముక్క ఒకటి ఉంది. నేల మీద చేయి వేసి చూస్తే నా అరచేతికీ అదే మెరుపు అంటింది. రేకుకు తగిలిన ప్రతి గుండూ కొంత ముక్కలై, కొంత పొడియై, పెట్టె నోటి నుంచి బయటికి చిమ్ముతోందని అప్పుడు అర్థమైంది.

పిల్లవాడి రక్తపరీక్ష ఫలితం కోసం వారం రోజులు ఎదురుచూశాం. చెల్లెలు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. చివరికి భయపడాల్సినంత లేదని తేలింది. అయినా డాక్టరు గారి మాట మాత్రం మనసులో నాటుకుపోయింది: "సీసం విషయంలో తక్కువ అనే మాట ఉంది కానీ, సురక్షితం అనే మాట లేదండీ." ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. ఎదిగే పిల్లల మెదడుకు హాని చేయని సీసం మోతాదు అంటూ ఏదీ తెలియదు.

తుపాకీ అటక ఎక్కింది. అమ్మాయి ఏడవలేదు, అడగలేదు. నాలుగు రోజులకు బాపే కదిలించాడు. ముప్పై రెండేళ్ళు భూగర్భ గనిలో పనిచేసిన మనిషి. దుమ్ము గురించి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. గని లోపల బొగ్గు దుమ్ము గాలిలోకి లేచి నిప్పు తగిలిందా, పేలుతుంది. అందుకే నీళ్ళు చల్లుతారు, సున్నపురాయి పొడి చల్లుతారు.

"దుమ్ము లేసినంక పట్టుకునుడు ఎవ్వనితోని కాదురా. లేవకుంటనే సూడాలె," అన్నాడు.

ఆ మాట పట్టుకొని కాగితం మీద లెక్క వేశాను. గుండు బరువు సుమారు అర గ్రాము. పోటీ రైఫిల్ నుంచి సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వెలువడుతుంది. అంటే దాని శక్తి 7 జౌళ్ళ పైచిలుకు, కిలో బాటు డెబ్భై సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడినంత. ఇనుపరేకు దాన్ని మూడు మిల్లీమీటర్లలో ఆపేస్తే ఆ శక్తంతా చప్పుడుగా, వేడిగా, సీసపు తునకలుగా మారుతుంది. అదే ఆరు సెంటీమీటర్లలో మెల్లగా ఆపితే గుండు మీద పడే దెబ్బ ఇరవయ్యో వంతు. చప్పుడు ఒక సమస్య, దుమ్ము మరో సమస్య అనుకున్నాను కానీ, రెండూ ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లి పేరు హఠాత్తుగా ఆపడం. పక్కింటి తమ్ముడి నిద్ర చెడగొట్టిందీ, మేనల్లుడి పెదవికి అంటిందీ ఒకటే తప్పు.

ఇక మెత్తగా ఆపే పదార్థం కోసం అన్వేషణ. మా దగ్గర బెల్టు అంటే బొగ్గు మోసే కన్వేయరు బెల్టు (సాయంత్రం పూట మరో అర్థం కూడా ఉందనుకోండి!). పాత ముక్కలు పాత సామాను దుకాణాల్లో దొరుకుతాయి. మందపాటి రబ్బరు కదా అని ఒక ముక్క వేలాడదీసి కొట్టి చూశాను. గుండు అందులో దిగకుండా వెనక్కి ఎగిరి వచ్చి నా కాలి దగ్గర పడింది. కళ్ళద్దాలు పెట్టుకొని ఉన్నాను కాబట్టి సరిపోయింది. గట్టి రబ్బరును గుండుకు ఎదురుగా పెట్టకూడదన్నది ఆ రోజు తెలిసింది.

తర్వాత పిల్లలు బొమ్మలు చేసుకునే నూనె బంకమట్టి తెచ్చి పళ్ళెంలో అదిమాను. గుండు చప్పుడు లేకుండా దిగింది, ముక్క కాలేదు. పరమానందం! కానీ రామగుండం ఎండల సంగతి మీకు తెలియనిది కాదు. మే నెల మధ్యాహ్నానికి మట్టి కరిగి పెట్టె అడుక్కి జారింది. చల్లని ఊళ్ళవారికి ఇది మంచి మార్గమే. మామూలు మట్టి ఎండి, పగిలి తానే దుమ్మవుతుంది. ఇసుక అంటే బాపు ఒప్పుకోలేదు. ఇసుక దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో ఆయన తోటివాళ్ళలో చూశాడు.

చివరికి నిలిచింది పాత బట్టలు. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, ఎనిమిది అంగుళాల లోతు గల చెక్కపెట్టె. ముందు అట్ట, దాని మీద లక్ష్యపు కాగితం. లోపల నూలు బట్టలు మడతలుగా, దిండులా బిగువుగా. వాటి వెనుక బెల్టు ముక్క, అన్నిటికీ వెనుక పాత ఇనుపరేకు, కాపలాగా. బట్టలు చాలకపోతే బాపు లోపలికి వెళ్ళి తన బాయి చొక్కాలు రెండు తెచ్చి ఇచ్చాడు. ఎన్ని ఉతుకులకూ నలుపు వదలని చొక్కాలు. అమ్మ అన్నేళ్ళు దాచినవి. ఏమీ అనకుండా మడతపెట్టి, పెట్టెలో తనే అమర్చాడు. గుండు రెండు మూడు అంగుళాలు దిగి, ఆకారం చెడకుండా అక్కడే పడుకుంటుంది. దిండును అరచేత్తో తట్టినంత చప్పుడు.

పెట్టె కట్టడంతో పని ముగియదు. రోజుకు అరవై గుళ్ళంటే 30 గ్రాముల సీసం, నెలకు దాదాపు 900 గ్రాములు. అంతా నడిమధ్యనే పోగవుతుంది కనుక, కొన్నాళ్ళకు గుండు మీద గుండు తగిలి మళ్ళీ పగలడం మొదలవుతుంది. మెత్తని చప్పుడు గట్టిపడితే పెట్టె పిలుస్తోందన్నమాట. అప్పుడు తొడుగులు వేసుకొని గుళ్ళు ఏరి, మూత డబ్బాలో వేస్తాం. చిరిగిన బట్టలను ఉతకం, సంచిలో కట్టి మూసేస్తాం. నేలను చీపురుతో ఊడ్వం, తడిబట్టతో తుడుస్తాం. సబ్బుతో చేతులు కడగనిదే మంచినీళ్ళు కూడా ముట్టం. జాతరలో బుడగలు కొట్టించేవాళ్ళు గుళ్ళను నోట్లో పెట్టుకోవడం చిన్నప్పుడు వింతగా చూసేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

గోదావరిలో వల వేసే మిత్రుడొకడు ఆ సీసం ఇస్తే కరిగించి వలకు గుళ్ళు పోసుకుంటానన్నాడు. 327 డిగ్రీలకే సీసం కరుగుతుంది, వంటింటి పొయ్యి చాలు. భయం అక్కడే ఉంది. ఇవ్వనన్నాను, కొన్నాళ్ళు ముఖం మాడ్చుకున్నాడు. డబ్బా నిండాక పాత బ్యాటరీల సీసం తీసుకునే అనుమతి గల కేంద్రానికి పంపాలని ఉంచాను.

మొన్న మధ్యాహ్నం పక్కింటి తమ్ముడు గేటు దగ్గర కనిపించాడు. రాత్రి షిఫ్టు వారమే, కానీ కళ్ళు తేటగా ఉన్నాయి.

"ఏందన్నా, పాప షూటింగు బందు చేసిందా? మంచిగ నేర్చుకుంటుండె గద, నా కోసమని ఆపకుండ్రి," అన్నాడు నొచ్చుకుంటూ.

సందు లోపల అమ్మాయి ఆ పూట నలభయ్యో గుండు పేలుస్తోంది.