జెల్ పాలిష్ పెచ్చులు లేస్తోందా?

బల్మూర్‌లో పెళ్లికూతుళ్లకు జెల్ పాలిష్ వేస్తుంటాను. కొందరు మూడో రోజుకే ‘అక్కా, పెచ్చు లేచింది’ అని ఫొటో పెడతారు. అందరూ సీసానే తిడతారు గానీ, నేను ముందు చూసేది గోరు మీది జిడ్డు. పెళ్లి ముందు నలుగు, నూనె, పసుపు... సబ్బుతో కడిగితే మొత్తం పోతుందా? కొంచెం బఫ్ చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే బేస్ కోట్. గోరు చివరి అంచుకూ పూత తగలాలి, నీళ్లు దూరేది అక్కడే.

జెల్ గాలికి ఆరదు. ల్యాంప్ వెలుతురు, సుమారు 365 నుంచి 405 నానోమీటర్లది, తగిలితేనే గట్టిపడుతుంది. మందంగా పూస్తే పైన గట్టి, కింద పచ్చి. నల్ల రంగైతే మరీ. అందుకే పలచగా రెండు మూడు పూతలు. బొటనవేలు పక్కకు వాలుతుంది, దాన్ని విడిగా పెట్టిస్తా. మధ్యలో కరెంటు పోతే టైమర్ మళ్లీ మొదట్నుంచి. ఆఖర్న ఉండే జిగటకు భయపడొద్దు, ఆక్సిజన్ వల్ల వచ్చేదది, తుడిస్తే పోతుంది.

పోయిన మాఘంలో ఒకామె వేళ్లు దురదతో వాచి వచ్చింది. ఇంట్లో తనే వేసుకుందట, పచ్చి జెల్ చర్మానికంతా అంటింది. అక్రిలేట్ అలర్జీ ఒకసారి పట్టుకుంటే వదలడం కష్టం. పని ఒప్పుకోకుండా డాక్టర్ దగ్గరికి పంపించా. టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి కాస్మెటిక్స్‌లో నిషేధించింది కూడా. అప్పట్నుంచి సీసా మీది చిన్నక్షరాలన్నీ చదివే కొంటున్నా. ‘గోళ్ల రంగుకు ఇంత చదువెందుకే’ అంటుంది మా వదిన.