మా బాపమ్మ చేయి

ఈ సంవత్సరపు సంచికకు ఆరోగ్యమును గూర్చి యేదైన వ్రాసి యిమ్మని సంపాదకులు నన్నడిగిరి. నేను వైద్యుడను గాను. లెక్కలు చెప్పుకొను ఉపాధ్యాయుడను. అయినను నా కుడిచేయి పూర్తిగా చాపుటకు రాదని నా తరగతి విద్యార్థులందఱు నెఱుగుదురు. నల్లబల్లపై నెత్తున వ్రాయవలసి వచ్చినపుడు నేను మునివ్రేళ్లపై నిలుచుట చూచి వెనుకబల్లవారు నవ్వుకొనుట నేనును ఎఱుగుదును. ఆ చేయి యట్లగుటకు గల కారణమును వ్రాసినచో సంపాదకుల కోరికయు తీఱును, వెనుకబల్లవారి సందేహమును తీఱును.

మాది కొండగట్టు దిగువనున్న పల్లె. అప్పుడది కరీంనగర జిల్లాలోనిది. 2016 నుండి జగిత్యాల జిల్లాలోనిది. ఆంజనేయుడు సంజీవనీపర్వతమును మోసికొని పోవుచుండగా దానినుండి యొక తునక విఱిగిపడి కొండగట్టయ్యెనని మా వైపు చెప్పుకొందురు. మందుమొక్కల కొండయని పేరుగల చోటనే నా చేయి విఱిగెను. 1987లో, నాకు తొమ్మిదేండ్ల ప్రాయమున, మెట్లమీద నొక కోతి నా చేతిలోని కొబ్బరిచిప్పకై మీదికి దుమికెను. చిప్పను వదలినచో సరిపోయెడిది. నేను వదలక పరుగెత్తి, జాఱి, చాచిన చేతిమీద బడితిని. కొబ్బరి కోతికే దక్కెను.

పట్టణమున వైద్యుడొకరు ఎముకను సరిచేసి పిండికట్టు వేసిరి. మూడు వారములకు కట్టు విప్పగా మోచేయి కొయ్యవలె బిగిసియుండెను. అది సహజమనియు, బాలుడే తనంతట మెల్లగా కదల్చుకొనవలెననియు చెప్పి పంపిరి. ఇల్లు చేరువఱకు ఆ మాట మాలో నెవరికిని జ్ఞాపకముండలేదు.

మా బాపమ్మ చేయి ఊరిలో పేరుపడిన చేయి. ఆమెను పిలువక పురిటింటివారు బిడ్డకు నీళ్లు పోసెడివారు కారు. పీటపై కూర్చుండి, కాళ్లు చాపుకొని, పసిబిడ్డను కాళ్లమీద బోర్ల పరుండబెట్టి, గోరువెచ్చని నూనెతో మెడనుండి నడుమువఱకు నిమిరెడిది. బిడ్డ మూల్గినచో ఆమె చేయి తేలికయగును. బిడ్డ తూగినచో చేయియు మందగించును. నాట్లువేసి నడుము పట్టినవారు, మోతమోసి మెడ పట్టినవారు సందెవేళ మా అరుగుపై వరుసగా కూర్చుండెడివారు. వారికి ఆదిలాబాదు అడవులనుండి వచ్చు ఇప్పనూనె వాడెడిది. చలికాలమున నది నేయివలె పేరుకొనును. నిప్పులపై కరిగించి, తన ముంజేతిమీద నొక చుక్క వేసి చూచుకొనిన పిదపనే యితరులకు రాచెడిది.

అటువంటి యామె మనుమని చేయి వంగకుండగా ఊరకుండునా? ప్రొద్దునను మాపునను నూనె కాచి, మోచేతిముందరి కండను బొటనవ్రేలితో నొక్కి పిసికి, ముంజేతిని పట్టి బలముగా వంచెడిది. నేను కేకలు వేసెడివాడను. "ఓర్సుకో బిడ్డా, నొప్పి లేస్తనే పట్టు ఇడుస్తది" అనెడిది. పసివారి మూలుగును విని తేలికయగు చేతికి నా యేడుపెట్లు వినబడకపోయెనో యని ఇప్పటికిని నాకాశ్చర్యము. వినబడకపోలేదు; ఆమెయు ఏడ్చుచునే రుద్దెను. నూనెచేతితో కన్నులు తుడుచుకొని ఆ మంటకు మఱింత యేడ్చెడిది.

నెలనాళ్లకు మోచేయి మునుపటికంటె బిగిసెను. ముందువైపున ఱాయివంటి గడ్డ తేలెను. వైద్యుడు ఎక్స్‌రే తీయించి వెలుతురునకు పట్టి చూపెను. కండ యుండవలసిన చోట తెల్లని మబ్బుతునకవలె నేదో కనబడెను. "దీనినెవరు రుద్దినారు?" అని యాయన యడిగెను. దెబ్బ తగిలినపుడు అచటి కండ చినిగి నెత్తురు చేరును. దానంతట నది మానవలసిన వేళ పిసికి లాగినచో మాటిమాటికి మరల చినిగి, మానుట దారితప్పి, కండలోనే యెముక పుట్టును. మయోసైటిస్ ఆసిఫికాన్స్ అని దీనికి పేరు. దెబ్బతిన్న మోచేతిని రుద్దగూడదని యెముకల వైద్యగ్రంథములు ప్రత్యేకముగా హెచ్చరించును. అయితే ఏమాత్రమును రుద్దనివారికి సైతము ఒక్కొకప్పుడిది వచ్చునని కూడ ఆ గ్రంథములే చెప్పును. ఈ రెండవ మాటను ఆనాడు బాపమ్మకు చెప్పినవారు లేరు. నాకును ముప్పదియేండ్లకు గాని తెలియలేదు. అప్పటికి వినుట కామె లేదు.

ఆ దినమున నింటికి వచ్చి ఆమె బావికడ చాలసేపు చేతులు కడుగుకొనెను. ఆ పిదప నెవరి యొంటిమీదను చేయి వేయలేదు. పసిబిడ్డల నెత్తుకొని వచ్చిన తల్లులను "నా శెయ్యి మంచిది గాదు పొండ్రి" అని మరలించెడిది. రెండేండ్లకు నా చెల్లెలు పుట్టినపుడు పొరుగామె వచ్చి నీళ్లు పోసినది. బాపమ్మ వాకిలిలో గోడవైపు తిరిగి కూర్చుండెను. నా చేతిగడ్డ యేడాదిలో చాలవఱకు కరిగెను. వంకర మాత్రము నిలిచెను.

మర్దనమన్నచో నాకు పగయైనది. అందుచేత 2018లో మా అవ్వ జాఱిపడి మణికట్టు విఱుగగొట్టుకొని, శస్త్రచికిత్సలో లోహపుపట్టీ వేయించుకొని, గాయము మానినను పిడికిలి మూయలేకుండగా, కరీంనగరమున ఫిజియోథెరపిస్టు నూనెసీసా చేత బట్టుకొనుట చూచి నేను లేచి నిలిచి "రుద్దవద్దమ్మా" అని గట్టిగా నంటిని. ఆమె నా పాత విద్యార్థినుల యీడుది. కోపపడక నా మోచేతివంక జూచి, "సార్, మీకు కట్టు విప్పగనే రుద్దినరా?" అని యడిగెను. అవ్వకు ఎముక అతికినదని చిత్రములో చూచినదట. వేడి, ఎఱ్ఱదనము లేవని చేతితో నరసినదట. తాను కదల్పబోవునది కీలును గాదు, మానిన మచ్చయు దాని క్రిందిపొరయు నట. పిక్క వాచి నొప్పిగానున్న కాలునైతే తానే ముట్టననియు, లోన నెత్తురుగడ్డ యున్నచో రుద్దుట ప్రాణాపాయమనియు చెప్పెను. నేను కూర్చుంటిని.

మొదట అరచేతిని చదునుగా నుంచి అవ్వ వ్రేళ్లకొనలనుండి మోచేతివైపు వాపును త్రోసినట్లు మెల్లగా నిమిరెను. పిదప అరచేతి కండలను పిసికెను. తుదకు మచ్చమీద రెండువ్రేళ్లుంచి, వ్రేళ్లు చర్మముపై జాఱకుండ, చర్మమే క్రిందిపొరమీద కదలునట్లు అడ్డముగా నాడించెను. లోతున అడ్డముగా చేయు ఈ ఘర్షణమును లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ గత శతాబ్దమున ప్రచారమునకు తెచ్చెను. అతుకులను వ్రేళ్లు తెంచునని పూర్వము నమ్మిరి. నొప్పి తగ్గి, బెదరిన కండ సడలి, రోగి తాను కదల్చుకొనుటకు వీలు కలుగుటయే ముఖ్యఫలమని నేటివారు చెప్పుచున్నారు.

"అమ్మా, నొప్పి పదింటికి ఎంత?" అని ఆమె నడుమనడుమ నడుగుచుండెను. అవ్వకు పదింటి లెక్క పట్టలేదు. "రూపాయిల చారాణ" అనెను. పదింటికి రెండున్నర యని నేను లెక్కగట్టితిని; ఫిజియోథెరపిస్టు మాత్రము ఆ నాణెములనే స్వీకరించి, "ఆఠాన అయితే చెప్పమ్మా, ఆపుత" అనెను.

తాను చదువుకొనునపుడు కుష్ఠరోగుల చేతులకు చికిత్స నేర్చుకొంటినని, అందువలననే యీ యడుగుట తనకలవాటైనదని ఆమె చెప్పెను. మన నిజామాబాదు వైపున డిచ్‌పల్లిలో జార్జి కెర్, డాక్టరు ఇసబెల్ కెర్ దంపతులు 1915లో నెలకొల్పిన కుష్ఠచికిత్సాలయమును గూర్చి మీలో పలువురు వినియుందురు. ఆనాడు హిడ్నోకార్పస్ గింజలనూనెను సూదితో నెక్కించెడివారు. తరువాత డాప్సోను వచ్చెను. 1981లో పలుమందుల చికిత్సను ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. రోగము నయమైనను నరము చెడిన చేయి మొద్దుబారి, వ్రేళ్లు ముడుచుకొనును. దానిని నీటిలో నానవైచి, నూనె రాచి, రెండవచేతితో వ్రేళ్లను దినదినము చాపవలెను. ఆ చేయి నొప్పియని పలుకదు. చాపినవాడు హద్దుమీఱినను తెలియదు. కుష్ఠరోగుల వ్రేళ్లు చాలవఱకు రోగముచేత గాక, తెలియక తగిలిన కాల్పులచేతను గాయములచేతను నశించుచున్నవని వేలూరున డాక్టరు పాల్ బ్రాండు కనిపెట్టెను. పలుకని చేతికి చికిత్స చేయువారు చర్మపురంగును వేడిని కంటితోను చేతితోను కనిపెట్టుచుండవలెను. నాది పలికిన చేయి, గట్టిగానే పలికెను.

పదినిమిషములైన పిమ్మట ఆమె నూనె తుడిచి, "ఇగ పిడికిలి నువ్వే పట్టమ్మా, నేను చేసింది చారాణే, బారాణ నీదే" అనెను. అవ్వ పండ్లు బిగించి ముడిచెను. వ్రేళ్లు అరచేతికి తాకలేదుగాని ముందటికంటె దగ్గఱకు వచ్చెను. మఱల ముడిచెను. అలసి చేయి దించి, ఆ పిల్ల మొగముకేసి చూచి,

"మా అత్త శెయ్యి గూడ గిట్లనే మెత్తగుండె బిడ్డా" అనెను.

నేను వంకరచేతిని ఒడిలో పెట్టుకొని అవ్వ వంతు ముగియువఱకు కూర్చుంటిని.