ఆరోహణమునకు అనుజ్ఞ

ముహూర్తము నిర్ణయమైనంత మాత్రముననే కర్మారంభమునకు అర్హత సిద్ధింపదు. కాలము, ద్రవ్యము, కర్త, అనుజ్ఞ – ఈ నాలుగును కూడినప్పుడే ఆరంభింపవలెను.

యజ్ఞశాలలో ఈ నియమము ప్రత్యక్షముగా గోచరించును. అధ్వర్యువు ప్రైషము పలుకును. హోత యాజ్యను పఠించి వషట్కారము చేయును. ఆహుతి వషట్కారముతో అగ్నిని చేరవలెనే గాని అంతకు ముందు కాదు. బ్రహ్మ అను ఋత్విజుడు దక్షిణమున ఆసీనుడై మౌనముగా సర్వమును పరికించును. అడిగినప్పుడు అనుజ్ఞ నొసగును. లోపము కలిగినచో ప్రాయశ్చిత్తము చేయును.

ఆకాశయానమునందును ఇదే క్రమము. విమానచాలకుడు అనుమతి లభించిన ఎత్తునకు చేరి, అచ్చట సమతలముగా సాగుచు, తదుపరి ఆరోహణాజ్ఞకై వేచియుండును. పై మార్గమున మరొక విమానము ఉండవచ్చును. అది అతనికి కనబడకపోవచ్చును, నియంత్రణాధికారికి కనబడును. సిమ్యులేటరుపై అభ్యసించువానికి ఈ నిరీక్షణము విసుగు పుట్టించును. కాని అభ్యసింపవలసినది దానినే.

పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట ఉన్నది. 2019 జూలై 15 తెల్లవారుజామున 2:51కి చంద్రయాన్-2 ఎగురవలసి యుండగా, 56 నిమిషముల 24 సెకన్ల ముందు సాంకేతికలోపము కనబడి గణనము నిలిచిపోయెను. ప్రయోగమును వీక్షింప రాష్ట్రపతియు విచ్చేసియుండిరి. అయినను ఆపవలసినవారు ఆపిరి. జూలై 22 మధ్యాహ్నము 2:43కి ఆ రాకెట్టే నింగి కెగసెను. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగురుటకు మునుపు, ప్రయోగక్రమమునంతటిని అనుకరించుచు 24 గంటల అభ్యాసము జరిపిరి. ఆ ఏడు అక్టోబరు 21న, వ్యోమగాముల ప్రాణరక్షణకై ఉద్దేశించిన గగనయాన్ పరీక్షావాహనమును 5 సెకన్ల ముందు కంప్యూటరు నిలిపివేసెను. కారణ మెరిగి సరిదిద్ది, ఉదయము 10 గంటలకు ప్రయోగించిరి.

సకాలమున ఆపినంతనే సర్వఫలము లభించునా? లభింపదు. చంద్రయాన్-2 ఆర్బిటరు చంద్రకక్ష్యలో నిలిచెను. ల్యాండరు మాత్రము క్షేమముగా దిగలేదు. ఫలము కర్త అధీనము కాదు. ఆరంభించుటయు, ఆపుటయు మాత్రమే అతని అధీనములు.

సాధకునికి ఇచ్చటనే పరీక్ష. పదుగురి ఎదుట సంకల్పము చెప్పిన పిమ్మట ఆగుటకు మనస్సు సిగ్గుపడును. ఆ సిగ్గు అహంకారముయొక్క రూపాంతరమే. గురువు "ఇంకను కాదు" అన్నప్పుడు ఉన్నచోటనే స్థిరముగా సాగువాడు పతితుడు కాడు. అతడును ఆరోహణమార్గముననే ఉన్నాడు.