రక్తం ఎన్ని పాయింట్లు?

30 నవంబరు 2022, బుధవారం

టీకాల రోజు. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. పేపర్లో చిన్న వార్త. 2018-20 లెక్కల ప్రకారం దేశంలో ప్రాణంతో పుట్టిన లక్ష బిడ్డలకు 97 మంది తల్లులు చనిపోతున్నారు. అంతకు ముందు లెక్కలో 103. మన తెలంగాణ 56 నుంచి 43కు దిగింది, ఆంధ్రప్రదేశ్ 58 నుంచి 45కు. 2030 నాటికి ఈ అంకె 70 కన్నా తగ్గాలని ప్రపంచ దేశాలన్నీ 2015లో ఒప్పుకున్నాయి. మేం ఇప్పటికే దాటేశాం.

నేను సిస్టరుగా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉమ్మడి రాష్ట్రంలో అది 154. ఆ 154లో ఒకతె నాకు తెలుసు. 2006 వానాకాలం. ఇంట్లోనే కాన్పయింది, రక్తం ఆగలేదు. ట్రాక్టర్‌లో తాండూరు తీసుకుపోతుంటే నా ఒళ్లోనే చల్లబడిపోయింది. ఇరవై నిండలేదు. ఆమె పేరు ఇక్కడ రాయను.

43 అన్న అంకె చూసి ఏడ్చాను. సంతోషంతోనే.

9 డిసెంబరు, శుక్రవారం

ప్రతి నెలా తొమ్మిదో తారీఖు పీహెచ్‌సీలో గర్భిణులందరికీ పరీక్షలు. పొద్దున తొమ్మిదింటికే వరండా నిండిపోయింది. సగం మందికి పైగా రక్తం 11 పాయింట్ల కన్నా తక్కువే. ఐదో నెల పిల్ల ఒకతెకు 8.1.

"గోలీలు మింగుతున్నవా బిడ్డా?"

"మింగుతున్న సిస్టరమ్మా."

"ఎన్ని మిగిలినయ్?"

తల వంచుకుంది. పక్కనున్న అత్త అందుకుంది. "నేనే వద్దన్న సిస్టరమ్మా. కడుపుల తిప్పుతదంటది, దొడ్డికి నల్లగైతదంట. పిల్ల బాగ పెద్దగైతే కాన్పు కష్టమైతదని భయమైంది."

ఆమెను కోప్పడబుద్ధి కాలేదు. నలుగురిని ఇంట్లోనే కన్న మనిషి. కాన్పు కష్టమంటే ఏమిటో నాకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. ఆ భయంలో కోడలి మీద ప్రేమే ఉంది. గోలీతో బిడ్డ పెద్దదవదనీ, తల్లికి రక్తం పడుతుందనీ, నల్లగా పోవడం ఇనుము వల్లేననీ కూర్చోబెట్టి చెప్పాను. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే అంతగా తిప్పదు. ఇది మొదటి నెలలోనే చెప్పాల్సిన మాట. అప్పుడు గోలీల షీటు చేతిలో పెట్టి, రిజిస్టర్‌లో టిక్కు పెట్టుకుని, చెప్పానులే అనుకున్నాను.

రాత్రి పాత శిక్షణ కాగితాలు తీశాను. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో రక్తహీనత ఉన్న ఆడవాళ్లు నూటికి 53.1. 2019-21లో 57. తెలంగాణలో 57.6. గర్భిణుల్లో ఆరు నెలల పాటు ఎర్ర ఐరన్ గోలీలు మింగినవాళ్లు దేశంలో నూటికి 26 మందే. చావులు తగ్గుతున్న దేశంలోనే రక్తమూ తగ్గుతోంది!

ఇదెలా సాధ్యమని చాలాసేపు ఆలోచించాను. 43 మేం చేసిన పనే, అనుమానం లేదు. 108 బండి, రక్తం సంచి, ఆపరేషన్ థియేటర్, రాత్రంతా మేలుకునే నర్సు. తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే. (అందులో అరవై దాకా ఆపరేషన్లు కావడం వేరే దుఃఖం, ఇంకో రోజు రాయాలి.) చావు అంచు దాకా వచ్చిన మనిషిని ఆస్పత్రి గడపలో పట్టి ఆపడం నేర్చుకున్నాం. ఆ అంచు దాకా ఆమె రాకుండా చూసే పని ఆమె ఇంట్లో, కంచం దగ్గర ఉంది. అక్కడికి మేమింకా పోలేదు. మంచి రక్తమున్న తల్లి కాన్పులో అరలీటరు పోయినా తట్టుకుంటుంది. 8.1 ఉన్న తల్లికి అదే ప్రాణం మీదికొస్తుంది.

15 డిసెంబరు, గురువారం

ఆ పిల్ల ఇంటికి పోయాను. తాళం. చేన్లో ఉంది, పత్తి ఏరుతోంది. గట్టు మీద కూర్చుని మాట్లాడాను. పొద్దుగాల రెండు జొన్న రొట్టెలు, కారం, వెంటనే చాయ్. మధ్యాహ్నం అంగన్‌వాడీలో గర్భిణులకు అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు పెడతారు, మంచి భోజనం. ఆమె పేరున గుడ్డు ఉడుకుతున్న వేళకు ఆమె పత్తి చేన్లో ఉంటుంది. పోతే ఆ పూట కూలి పోతుంది. రాత్రి అందరికీ పెట్టాక మిగిలింది తింటుంది. పప్పు అప్పటికి నీళ్లే.

తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఊళ్లో అంతా ఆ మాటే. ఆ కందులు కోసేది ఈ చేతులే.

తిన్న గంటకు గానీ చాయ్ తాగొద్దని, పప్పులో నిమ్మకాయ పిండుకోమని చెప్పాను. సాయంత్రం అత్తతో మాట్లాడాను, గుడ్డు ఇంటికి తెచ్చే పని తనది అంది. పోతుంటే వెనక నుంచి పిలిచింది. "నాకు గూడ రక్తం చూస్తవా సిస్టరమ్మా? ఎన్నడు చూడలే."

చూశాను. 9.

21 డిసెంబరు, బుధవారం

తొమ్మిది జిల్లాల్లో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు మొదలయ్యాయి. మా వికారాబాద్ జిల్లా కూడా ఉంది. కిలో ఖర్జూరాలు, అరకిలో నెయ్యి, ఐరన్ సిరప్ సీసాలు, పోషకాల పొడి, పురుగుల గోలీ. మంచి పని. ఖర్జూరాలు ఇల్లంతా తింటారు, తెలుసు. పిల్లలున్న ఇంట్లో ఏ తల్లీ డబ్బా దాచుకుని ఒక్కతే తినలేదు. కిట్టులో ఆ ఇంటికంతా సరిపడేంత పెట్టాలని అడగాలి.

9 జనవరి 2023, సోమవారం

ఆ 8.1 పిల్లకు ఇప్పుడు 8.9! అత్త నాకన్నా ముందే అంకె చదవబోయింది. గోలీల షీట్లు ఖాళీవి తెచ్చి చూపించింది, సాక్ష్యానికి.

వెంట కోడలి చెల్లెలు వచ్చింది. తొమ్మిదో తరగతి. దసరా నుంచి బడి మానిపించి పత్తికి తీసుకుపోతున్నారట, బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ గోలీ కూడా లేదు. సంబంధాలు చూస్తున్నారని అత్త చెప్పింది. ఆ పిల్ల కనురెప్ప కింద చూశాను, తెల్లగా ఉంది. వేలు చూపించమన్నాను. 9.4.

గర్భిణుల రిజిస్టర్‌లో ఆమెకు గడి లేదు. ఈ నోట్‌బుక్ ఆఖరి పేజీలో పేరు, ఊరు, 9.4 రాసుకున్నాను. గురువారం వాళ్ల నాన్నను, ఆ తర్వాత హెడ్‌మాస్టర్‌ను కలవాలి.