బంతి వాడరేవులో... కబుర్లు చీరాలలో!

ఆట మొదలయ్యేది బంతితోనే. కానీ అరగంటలో అది రైలెక్కుతుంది, పాటందుకుంటుంది, రాజకీయాల్లో దూకుతుంది. చివరికి వందేళ్ల వెనక్కి వెళ్లి 1921లో ఆగుతుంది. చీరాల వాళ్ల ఆదివారం సాయంత్రాల తీరే అంత!

ఆదివారం... సాయంత్రం నాలుగు దాటింది. అటు రెండు చెప్పులు, ఇటు రెండు చెప్పులు... వాడరేవు ఇసుకలో గోల్‌పోస్టులు సిద్ధం! ఆడేవాళ్లు అరడజను మంది. ఒడ్డుకు లాగిపెట్టిన పడవల నీడన కూర్చుని వ్యాఖ్యానం చెప్పేవాళ్లు డజను మంది. నిజం చెప్పాలంటే అసలు ఆట ఆ నీడలోనే.

చీరాలకు ఫుట్‌బాల్ ఊరని పేరేం లేదు. ఇక్కడి పిల్లాడి చేతికి మొదట వచ్చేది క్రికెట్ బ్యాటే. కానీ నాలుగేళ్లకోసారి ప్రపంచకప్ వస్తే చాలు, మగ్గం సందుల్లోనూ అర్జెంటీనా, బ్రెజిల్ వర్గాలు పుట్టుకొస్తాయి. 2022 డిసెంబరు 18 రాత్రి ఖతార్‌లో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్ 3-3తో సమమై, పెనాల్టీల్లో 4-2తో మెస్సీ జట్టు గెలిచిన సంగతి ఈ పడవల నీడన ఇప్పటికీ నిన్నటి మాటే.

నీడలో కూర్చున్నవాళ్లలో నలుగురు మాత్రం ఎప్పుడూ ఉంటారు. రిటైరైన లెక్కల మాస్టారు. జాండ్రపేటలో గుంటమగ్గం నేసే బాబాయ్. ఎంజీసీ మార్కెట్లో బట్టల కొట్టు గుమస్తా. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ సెలవులకు వచ్చే కుర్రాడు. ఎదురుగా గోల్‌కీపర్‌గా నిలబడ్డది బాబాయ్ చిన్నకొడుకు. మూడు గోళ్లు వదిలేశాడు.

''ఏందిరా, నాడె అటూ ఇటూ పోతున్నా నీ చెయ్యి కదలదేంది?'' అని బాబాయ్ కేక. ''వాడి మనసు ఇక్కడుంటే కదా బాబాయ్! వచ్చే నెల బెంగళూరు రైలెక్కేస్తున్నాడుగా'' అని గుమస్తా అందుకున్నాడు. బాబాయ్ మాట్లాడలేదు. మాస్టారు మాట మార్చేశారు.

పంతులు నడిపిన జట్టు

మాస్టారు మాట మార్చాలనుకుంటే ఆయన దగ్గర ఎప్పుడూ ఒక అస్త్రం ఉంటుంది. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదీ. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ''ఆయనా మాలాంటి పంతులే నాయనా'' అన్నప్పుడు మాస్టారి మీసం కాస్త పైకి లేస్తుంది.

ఆ పంతులు కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4-1తో ఓడి, చివరికి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. ఆరేళ్లకు 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో అదే రహీం జట్టు దక్షిణ కొరియాను 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయన్ని క్యాన్సర్ తినేస్తోంది. మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆ రెండు జట్లలోనూ ఆడిన తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ కుర్రాడు.

''నాలుగో స్థానం గురించి డెబ్బై ఏళ్లు చెప్పుకుంటారా మాస్టారూ?'' అని బెంగళూరు కుర్రాడి ఎత్తిపొడుపు. ''ఓడిన మ్యాచ్ అన్నీ ఒకటి కాదురా అబ్బాయ్. కొన్ని ఓడినా చెప్పుకోవాలి'' అన్నారు మాస్టారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. సాయంత్రం ఎక్కడికి తిరిగినా మళ్లీ ఇక్కడికే వస్తుంది.

కదలకుండా మూడు జిల్లాలు

ప్రయాణాల ముచ్చట వస్తే గుమస్తాదే పైచేయి. ''ఇంట్లోంచి అడుగు బయట పెట్టకుండా మూడు జిల్లాలు తిరిగినోళ్లం మేము'' అంటాడు. అబద్ధమేం కాదు. చీరాల ఒకప్పుడు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది. అదే తర్వాత ప్రకాశం జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది!

విజయవాడ-చెన్నై రైలుమార్గంలో తెనాలి దాటితే నిడుబ్రోలు, బాపట్ల, స్టూవర్టుపురం... ఆ తర్వాత చీరాల. బెంగళూరు కుర్రాడికి ఈ స్టేషన్ల వరుస ఎక్కాల్లా వచ్చు. రాత్రి రైల్లో నిద్రపట్టినా బాపట్ల దగ్గర మెలకువ వచ్చేస్తుందట. ''ఉప్పుగాలి తగిలితే మెలకువ రాదా మరి'' అని బాబాయ్ నవ్వుతాడు.

చీరాల మనుషులకంటే ముందు చీరాల గుడ్డ దేశాలు తిరిగింది. తేలియా రుమాలు అంటే ఈ ప్రాంతపు నేతగాళ్ల చేతి పనే. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ పదేపదే నానబెట్టి, ఆరబెట్టి, ముడులు కట్టి ఎరుపు, నలుపు రంగులు అద్దేవారు. నూనె వాసన పోదు కాబట్టే తేలియా. అరబ్బు దేశాలకు ఓడలెక్కి వెళ్లిన రుమాలు అది. కాలక్రమంలో ఆ విద్య నల్గొండ వైపు పుట్టపాకకు చేరింది. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా పుట్టపాక పేరు మీదే వచ్చింది.

''చూశావా బాబాయ్! గుడ్డ పోయింది, విద్యా పోయింది'' అన్నాడు గుమస్తా. ''పోలేదురా. ఇల్లు మారింది'' అన్నాడు బాబాయ్.

మా జానకమ్మా... మీ జానకమ్మా?

చీకటి పడుతుంటే ఎవరో ఒకరు కూనిరాగం తీస్తారు. పాట మొదలైతే తగువు మొదలైనట్టే. బెంగళూరులో కుర్రాడి గదిలో ఇద్దరు మలయాళీలున్నారు. కేరళ బ్లాస్టర్స్ అంటే పిచ్చి. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఐఎస్ఎల్ ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ వాళ్లను పెనాల్టీల్లో 3-1తో ఓడించింది. ఆ రాత్రి గదిలో మాటల్లేవు. తెల్లారి ఉక్రోషం ఆపుకోలేక వాళ్లు అన్నారట, ''కప్పు మీదైతే ఏం, జానకమ్మ మాది'' అని.

ఇంకేం, కుర్రాడు లేచాడు! ఎస్.జానకి పుట్టింది 1938లో, రేపల్లె తాలూకా పల్లపట్లలో. చీరాల నుంచి చూస్తే పొరుగూరు కిందే లెక్క. మలయాళంలో, కన్నడంలో, తమిళంలో ఆమె పాడితే పుట్టుభాష కాదని ఎవరూ అనుకోలేదు. నాలుగు జాతీయ పురస్కారాల్లో రెండు తమిళ పాటలకు, ఒకటి మలయాళానికి, ఒకటి తెలుగులో 'సితార'కు వచ్చాయి. 2013లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు.

''చివరికి ఏమైందిరా తగువు?'' అని మాస్టారు అడిగారు. ''ఏముంది... వాళ్లు మలయాళం పాట పెట్టారు. నేను తెలుగు పాట పెట్టాను. తర్వాత అందరం కలిసి కన్నడం పాట విన్నాం!''

పడవల నీడ గొల్లుమంది. గోల్‌లో నిలబడ్డ కుర్రాడూ నవ్వాడు. ఆ నవ్వులో నాలుగో గోల్ కూడా పోయింది.

చమత్కారమే రాజకీయం

ఈ తీరంలో సినిమా, పాట, రాజకీయం వేరువేరు వీధులు కావు. తెనాలి దగ్గర పుట్టిన కొంగర జగ్గయ్య 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు వెళ్లారు. చీరాల ఓటర్లు 1989లోనూ 2004లోనూ గెలిపించిన కొణిజేటి రోశయ్య 2009లో ముఖ్యమంత్రి అయ్యారు. అసెంబ్లీలో ఆయన విసిరే చురకలకు తగిలినవాళ్లూ నవ్వేవారు. 2021లో ఆయన కన్నుమూసినా ఆ చమత్కారాలు మార్కెట్లో ఇంకా చెలామణిలోనే ఉన్నాయి.

అయితే చీరాల రాజకీయంలో చమత్కారానికి ఆద్యుడు ఆయన కాదు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య! 1889లో పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివి వచ్చిన మనిషి. ఆశువుగా పద్యం చెప్పి సభను నవ్వించగలడు. అదే నోటితో ఊరు ఊరంతటినీ ఇల్లు వదిలి నడిపించగలడు. నడిపించాడు కూడా!

పదకొండు నెలల ఆట

చీరాల, పేరాల అప్పట్లో నేతగాళ్లు, రైతులు, చిన్న వ్యాపారుల ఊళ్లు. జనాభా రమారమి 15 వేలు. 1919లో మద్రాసు ప్రభుత్వం రెండింటినీ కలిపి మున్సిపాలిటీ అంది. అప్పటిదాకా ఏడాదికి దాదాపు 4 వేలున్న పన్ను భారం 40 వేలకు చేరే పరిస్థితి. మాకొద్దు మొర్రో అన్నా వినలేదు. పన్ను కట్టం అన్నవాళ్లను జైలుకు పంపారు. వాళ్లలో ఒక మహిళ కూడా ఉంది.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. రెండు దారులు చెప్పారు. హింస లేకుండా పన్ను నిరాకరించడం... లేదా మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం. చీరాల రెండోది ఎంచుకుంది. పదమూడు వేల మందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి, ఎడ్లబండ్ల మీద సామాను వేసుకుని ఊరవతల పాకల్లోకి వెళ్లారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. కాపలాకు, సేవకు దుగ్గిరాల దళం ఉంది... రామదండు!

''కాషాయం బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట సిందూరం. మన ఊరి మొదటి జట్టు అదే. జెర్సీ కూడా ఉంది'' అంటాడు గుమస్తా.

ఎండలో, వానలో, గడ్డి కప్పుల కింద పదకొండు నెలలు! ఈలోగా బరంపురంలో మాట్లాడవద్దన్న ఆజ్ఞను ధిక్కరించారని దుగ్గిరాలను జైల్లో పెట్టారు. నాయకుడు లేడు. చేతిలో డబ్బు లేదు. ప్రభుత్వం మెట్టు దిగలేదు. 1922లో జనం మళ్లీ ఇళ్ల తాళాలు తీశారు. దుగ్గిరాల 1928లో, నలభై ఏళ్లు నిండకుండానే, పేదరికంలో జబ్బుతో పోయారు.

''మరి ఓడిపోయినట్టేగా?'' అన్నాడు బెంగళూరు కుర్రాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే ఇది. ''నాలుగో స్థానం'' అన్నారు మాస్టారు. అందరూ ఊరుకున్నారు.

వచ్చినవాళ్ల ఊరు

చీరాల కథలో వెళ్లిపోవడం ఒక్కటే కాదు, రావడమూ ఉంది. 1985 జులై 17న పక్కనే ఉన్న కారంచేడులో దళితవాడ మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపేశారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మిగిలినవాళ్లు చీరాలకే పరుగెత్తుకొచ్చారు. చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. రాష్ట్రంలో దళిత ఉద్యమానికి కొత్త ఊపు ఇక్కడి శిబిరం నుంచే వచ్చింది. 1921లో వెళ్లినవాళ్లు పదకొండు నెలలకు ఇళ్లకు తిరిగొచ్చారు. 1985లో వచ్చినవాళ్లలో చాలామంది వెనక్కి పోలేదు. చీరాల విజయనగర్ కాలనీలో కొత్తగా ఇళ్లు కట్టుకున్నారు. ఈ ముచ్చట వచ్చినప్పుడు పడవల నీడన ఎవరూ జోకులు వేయరు.

కాసేపటికి బాబాయే నోరు విప్పాడు. వానాకాలం వస్తే మగ్గం గుంటలోకి నీళ్లూరతాయి. కాళ్లు పెట్టడానికి లేక పని ఆగిపోతుంది. నీళ్లు ఇంకేదాకా కూలి లేదు. మగ్గం మీద రోజంతా కూర్చున్నా ఇల్లు గడవడం కష్టమవుతోంది. ''నేనే వెళ్లమన్నాను వాడిని'' అన్నాడు. ''మా తాత రామనగర్ పాకలో పుట్టాడంటారు. ఊరు వదిలితే చీరాలోడు కాకుండా పోతాడా?''

''వాడికి పడుగూ పేకా తెలుసు బాబాయ్'' అన్నాడు బెంగళూరు కుర్రాడు. ''వారాంతం వస్తే మా గదిలోనే ఉంటాడు. మలయాళీలకు గోల్‌కీపర్ కావాలట కూడా!'' ''వాళ్లు మళ్లీ ఓడిపోతారు పాపం'' అన్నాడు గుమస్తా.

అంతలో బంతి ఎగిరి అలల్లో పడింది. ఒక చిన్న పిల్లాడు దాని వెంట పరుగెత్తబోతే మాస్టారు గట్టిగా అరిచారు. వాడరేవులో ఇది మార్చరాని నియమం. నీళ్లలో పడ్డ బంతి కోసం ఎవరూ లోపలికి పోకూడదు. పైకి ప్రశాంతంగా కనిపించే ఈ సముద్రం, అటు రామాపురం తీరం సరదాగా వచ్చిన ఎందరో యువకులను మింగేశాయి. వచ్చేవాళ్లు మోకాలి లోతు దాటకపోవడమే క్షేమం.

చీరాల స్టేషన్ నుంచి వాడరేవు ఆరేడు కిలోమీటర్లే. ఆటోలు దొరుకుతాయి. ఇటు వేటపాలెం వెళితే 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. 1929లో గాంధీజీ వచ్చినప్పుడు విరిగిన ఆయన చేతికర్రను అక్కడ భద్రంగా దాచారు. పక్కనే వేయించిన జీడిపప్పు వాసన ముక్కుకు తగులుతుంది.

బంతి ఒకసారి లోపలికి పోయింది. మరోసారి కనిపించింది. అందరూ లేచి ఒడ్డున నిలబడ్డారు. బాబాయ్ కొడుకు తడి ఇసుక అంచున ఆగి, చేతులు చాచి ఎదురుచూశాడు. నాలుగైదు అలల తర్వాత బంతి దొర్లుకుంటూ వచ్చింది. ఈసారి మాత్రం వదల్లేదు... గట్టిగా పట్టుకున్నాడు.

''ఇప్పుడు పట్టాడు చూడు!'' అన్నాడు బాబాయ్.