ద్వారముమీఁది పలక

పరదేశమున చదువఁబోయిన విద్యార్థికి మొదటివారమే గడ్డుపరీక్ష యని లోకులందురు. ఆ పరీక్షలో నతఁడు నెగ్గునో లేదో యని మనము వేడుక చూచుచుందుము. అదేవారమున మనమును బరీక్షింపఁబడుచుందుమను సంగతి మొన్నటి యాషాఢమాసమున మాకు బోధపడినది.

మాది శంషాబాదు. పైగా ప్రభువులగు షంసుల్‌ ఉమరాల పేర నేర్పడిన యీ యూరు, 2008వ సంవత్సరము మార్చినెలలో విమానాశ్రయము తెఱవఁబడినది మొదలు ప్రపంచమునకు వాకిలియైనది. రేయింబవళ్లు మా యింటిమీఁదుగా విమానములు పోవుచుండును. అయినను ఆ వాకిట దిగిన పరదేశి యెవ్వఁడును మా యింట నన్నము తిని యెఱుఁగఁడు. దార్‌ ఎస్‌ సలాము నగరమున నుద్యోగము చేయుచున్న మా పూర్వశిష్యుఁ డొకఁడు, టాంజానియా దేశపు యువకుఁ డొకఁడు చదువునకై హైదరాబాదు వచ్చుచున్నాఁడనియు, అద్దెగది దొరకువఱకు నొకవారము మా యింట నుంచుకొనవలసినదనియు వ్రాసెను. సంతోషముతో నొప్పుకొంటిమి.

విమానాశ్రయమునుండి వచ్చునపుడే మా యుపదేశము మొదలైనది. ఇది యుష్ణమండలమనియు, ఉక్కకు తాళవలెననియు, దోమతెర లేక పరుండరాదనియు, కాఁచి చల్లార్చిన నీరే త్రాగవలెననియు జెప్పితిమి. అతఁడు వినయముతో నంతయు విని, "అయ్యా! హైదరాబాదు భూమధ్యరేఖ కుత్తరముగా 17 డిగ్రీల దూరమున నున్నది. మా నగరము దక్షిణముగా 7 డిగ్రీలలోపలనే యున్నది. ఈ యుక్కయు, ఈ దోమలును నాకుఁ జుట్టములే" యనెను. అప్పుడప్పుడు పిల్లలకు భూగోళము గూడఁ జెప్పు మాకు నోరు మూఁతపడినది.

భోజనమువేళ మేము గౌరవార్థము చెంచా పెట్టితిమి. అతఁడు దానిని ప్రక్కకుఁ దీసి, కుడిచేతితో ముద్దచేసికొని చక్కగా భుజించెను. మొక్కజొన్నపిండితో వండు "ఉగాలి" వారి నిత్యాహారమఁట. చేతితో ముద్దచేసి, కూరలో నద్దుకొని తిందురఁట. మన జొన్నసంకటికిఁ దోఁబుట్టువే. వారి స్వాహిలీలో ఉదయము ఏడుగంటలను మొదటిగంట యందురు. దినమును సూర్యోదయము మొదలు లెక్కించుటయే దీనికిఁ గారణము. మన పంచాంగములోని ఘడియల లెక్కయు నట్టిదే కదా! దుకాణమును వారు "దుకా" యందురు. తేనీటిని "చాయి" యందురు. రంగును "రంగి" యందురు. సముద్రవర్తకుల యోడలలో సరకులతోపాటు మాటలును బ్రయాణము చేసినవి. ఉపాధ్యాయుని "మ్వాలిము" అందురఁట. ఆ దేశపు మొదటి యధ్యక్షుఁడగు జూలియస్‌ న్యెరేరే బడిపంతులై యుండి, "జూలియస్‌ సీజరు" నాటకమును స్వాహిలీలోనికిఁ దెచ్చినవాఁడు. ఆయనను జనులా పేరనే పిలిచెడివారు. నాఁటినుండి యతఁడు మమ్మును "మ్వాలిమూ" యని పిలువసాగెను. మేము పొంగిపోయితిమి.

మూఁడవనాఁడు బస్సులో నతని ప్రక్కచోటు దిగువఱకు ఖాళీగానే యుండెను. నిలుచున్నవారు నిలుచునే యుండిరి. ఇరువురు పడుచువాండ్రు అడుగకయే సెల్‌ఫోనులో నతని బొమ్మ తీసికొనిరి. అతఁడు కిటికీవంకఁ జూచుచుండెను. మేము వార్తాపత్రికవంకఁ జూచుచుంటిమి.

నాలుగవనాఁడు గదులు వెదకుటకు నగరమునకుఁ బోయితిమి. త్రోవలో ఏ.సీ. గార్డ్సు పేఁట తగిలినది. అది నిజాముల ఆఫ్రికా యశ్వికదళము పేర వెలసినదనియు, ఆ సైనికుల సంతతివా రిప్పటికి నచట నున్నారనియు, మన పెండ్లిండ్లలో మ్రోఁగు మర్ఫావాద్యము వారితో వచ్చినదే యనియుఁ జెప్పితిమి. ఇథియోపియాలోఁ బుట్టి, బానిసగా నమ్ముడుపోయి, అహమ్మదునగరరాజ్యమును నడిపి, 1626లో మరణించిన మలిక్‌ అంబరు కథయు వినిపించితిమి. మా దక్కను మీకుఁ గ్రొత్తది కాదని ముగించితిమి.

ఆ సాయంకాలమే మా పలుకులకుఁ బరీక్ష వచ్చినది. ఫోనులో "విదేశీ విద్యార్థియా? తప్పక తీసికొనిరండు" అన్న గృహస్థుఁడు, గుమ్మములో నతనిని జూచి, గదికి బంధువులు వచ్చుచున్నారనెను. రెండవయింట నీటికొఱఁత యనిరి. మూఁడవయింట నొక వృద్ధుఁడు మమ్ముఁ బ్రక్కకుఁ బిలిచి, "మాస్టరుగారూ, మీకుఁ దెలియనిదేమున్నది? ఇరుగుపొరుగు లేమందురు?" అనెను. ఆయన కేమియు బదులు చెప్పలేదు. బయటికి వచ్చి, అద్దె యెక్కువ చెప్పినారని విద్యార్థితో నబద్ధమాడితిమి. అతఁడు కొంతదూరము మౌనముగా నడచి, "మ్వాలిమూ, రంగి యను మాట మీ భాషలోను నున్నది గదా!" యని మాత్రమనెను.

ఆఱవనాఁటి రాత్రి వాన కురియుచుండఁగా, మా వీధిద్వారముమీఁద వ్రేలాడు పలక యెన్నాళ్లనుండి యున్నదని యడిగెను. సంక్రాంతినుండి యని చెప్పితిమి. అతఁడు తలయూఁచి పరుండెను. ఆ పలకమీఁద "టులెట్" అని యింగ్లీషులో వ్రాసియున్నది. వచ్చిన రాత్రియే యతఁడు దానిని జదివియుండును. మా మేడమీఁది గది యాఱునెలలుగా ఖాళీ. విద్యాలయమునకు దూరమని మాకు మేము సమాధానము చెప్పుకొంటిమి గాని, పెండ్లికెదిగిన కూఁతురున్నది, పదిమంది యేమందురో యనునదే మా లోపలి మాట. ఆ వృద్ధుఁడు పైకనిన దానిని మేము లోన దాఁచుకొంటిమి, భేదమంతియే. అతిథిని దేవునిగా నెంచుమను తైత్తిరీయోపదేశమును ఇరువదియేండ్లుగాఁ బిల్లలకు వల్లెవేయించుచున్న నోరు మాది!

తెల్లవాఱినపిమ్మట మా గృహిణి, "మీరు ఊరంతయుఁ దిరుగుచున్నారు, మేడగది తాళపుచెవి మేకునకే వ్రేలాడుచున్నది" యనెను. ఆమెకు బదులు చెప్పక పలక విప్పితిమి. అద్దె తగ్గింతుమనఁగా విద్యార్థి యొప్పుకొనలేదు. "మునుపటివా రిచ్చినంతయు నిత్తును. నాకు దయ యక్కఱలేదు, గది చాలును" అనెను.

ప్రక్కయింటివారు కొన్నినాళ్లు మాతో మాటాడలేదు. ఇప్పుడు వారి కుమారుఁడే లెక్కలు చెప్పించుకొనుటకు మేడ యెక్కుచున్నాఁడు. ఇందు మా ఘనత యేమియు లేదు; ఏడుదినములు జాగుచేసినవారికి ఘనత యెక్కడిది? పరదేశముల కేఁగిన మన బిడ్డలకు గది దొరకలేదని వినఁగానే మనము కోపింతుము. ఆ కోపము న్యాయమే. దానిలోఁ గొంత మన ద్వారముల యొద్దనే వెచ్చించినచో మఱింత న్యాయముగా నుండును.