కాంతాసమ్మితం, 20 రూపాయలు

ఇల్లు నడిపేవాళ్ళకి ఒక సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. "పళ్ళు తినండర్రా" అని అరిస్తే పిల్లలు తినరు. జామకాయ ముక్కలు కోసి, కాస్త ఉప్పూ కారం చల్లి, వాళ్ళు చదువుకునే బల్ల మీద పెట్టి వచ్చేస్తే ప్లేటు ఖాళీ. జంతికల డబ్బా అటక ఎక్కిస్తే నెలాఖరు దాకా వస్తాయి. తినొద్దని ఎవరూ అనలేదు, స్టూలు వేసుకోవాలి, అంతే!

దీనికి "నడ్జ్" అని పేరుందని డిగ్రీ చదివే మా అమ్మాయి చెప్పింది. మోచేత్తో మెల్లిగా పొడవడం అన్నమాట. 2008లో రిచర్డ్ థేలర్, క్యాస్ సన్‌స్టీన్ దీని మీద పుస్తకం రాశారు. 2017లో థేలర్‌కి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వం 2010లోనే ఇందుకోసం ఒక బృందాన్ని పెట్టుకుంది. మన 2018-19 ఆర్థిక సర్వేలో కూడా దీని గురించి ఒక అధ్యాయం ఉంది.

నాకు మాత్రం బి.ఏ. తెలుగు పాఠం గుర్తొచ్చింది. వేదం రాజులా శాసిస్తుంది, అది ప్రభుసమ్మితం. పురాణం స్నేహితుడిలా నచ్చజెబుతుంది, అది మిత్రసమ్మితం. కావ్యం ప్రియురాలిలా లాలించి ఒప్పిస్తుంది, అది కాంతాసమ్మితం. హెల్మెట్ లేకపోతే జరిమానా అనే ప్రభుత్వం మొదటి రకం. టీవీలో ప్రకటనలిచ్చే ప్రభుత్వం రెండో రకం. ఈ నడ్జ్ మూడోది.

మొన్న మా పనావిడ తన భర్త పాస్‌బుక్ తెచ్చి చూపించింది. "అమ్మా, ఏటా ఈ 20 రూపాయలు ఎవరు తీసుకుంటున్నారు?" అని అడిగింది. అది ప్రధానమంత్రి సురక్షా బీమా. 2015లో మొదలైనప్పుడు ఏడాదికి 12 రూపాయలు, 2022 జూన్ నుంచి 20. ఒక్కసారి ఒప్పుకుని సంతకం పెడితే చాలు, ఏటా ఖాతాలోంచి అదే కట్ అవుతుంది. ప్రమాదంలో మనిషి పోతే ఇంటివాళ్ళకి 2 లక్షలు ఇస్తారు. ఆయన సెంట్రింగ్ పనికి వెళ్ళే మనిషి, రోజూ అంతస్తులెక్కాలి. ఖాతా తెరిచిన రోజు చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడట. ఏ కాగితం ఏమిటో ఆయనకి గుర్తే లేదు.

ఆలోచిస్తే ఏర్పాటు మంచిదే. ఏటా బ్యాంకుకెళ్ళి 20 రూపాయలు కట్టి రమ్మంటే ఎంతమంది వెళ్తారు? మన బద్ధకాన్నీ మతిమరుపునీ మన మేలుకే వాడుకున్నారు. కానీ కట్టడం దానంతటదే జరుగుతుంది గానీ, రావడం దానంతటదే రాదు కదా! రేపు జరగరానిది జరిగితే కాగితాలు పట్టుకుని ఆ బ్యాంకుకి వెళ్ళాల్సింది ఈవిడే. బీమా ఉందనే తెలియని మనిషి ఏమని వెళ్తుంది? అదే బద్ధకం, అదే మతిమరుపు అప్పుడు ఆవిడకి అడ్డం పడతాయి. మనకి రావలసినదాన్ని అందుకోకుండా చేసే ఇలాంటి అడ్డంకులని థేలర్ "స్లడ్జ్" అంటాడు. అంటే బురద. లోపలికి వెళ్ళేటప్పుడు జారుడుబల్ల, తెచ్చుకునేటప్పుడు బురద!

లాలించి తినిపించడంలో తప్పు లేదు. ఏం తినిపించామో కూడా చెప్పాలి. కాంతాసమ్మితమైనా కావ్యం చివరికి అర్థమవ్వాలి కదండీ.

అందుకే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిచ్చాను: బీమా పేరు, ఎంత వస్తుంది, ఏ బ్యాంకులో అడగాలి, నామినీ ఎవరు. ఎనిమిదో తరగతి చదివే కొడుకు చేత చదివించుకుంది. విని, "ఈ ముక్క ముందే చెప్తే ఇంకో 20 ఇచ్చి నేనూ చేరేదాన్ని కదమ్మా" అంది.

చెప్తే జనం వద్దంటారేమోనని భయపడే పెద్దలు ఆ మాట వినాలి.

ఈ బీమా ఏడాది జూన్ 1 నుంచి మే 31 వరకు. ఖాతాలో డబ్బు లేకపోతే ఆగిపోతుంది. మీ ఇంట్లోవాళ్ళవే కాదు, మీ ఇంటికి పనికొచ్చేవాళ్ళ పాస్‌బుక్‌లు కూడా ఒకసారి తిరగేసి చూడండి.